పాత బీ450 బోర్డు మీదే కొత్త ప్రాసెసర్: రైజెన్ 2600 నుంచి 5700ఎక్స్3డీకి, పీసీ అప్‌గ్రేడ్ డైరీ

ఇప్పుడున్న సెటప్, ఉన్న సమస్య

ముందు మెషీన్‌లో ఏముందో చెప్పేస్తా. రైజెన్ 5 2600 (ఏఎండీ ప్రాసెసర్), బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు (డీడీఆర్4 3200వే, కానీ ఈ ప్రాసెసర్‌తో 3200 పెడితే అప్పుడప్పుడు బ్లూ స్క్రీన్ వస్తోందని 2933 దగ్గర నడుపుతున్నా), ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల పవర్ సప్లై, 1080పీ 144 హెర్ట్జ్ మానిటర్. బోర్డు, ప్రాసెసర్ రెండూ 2019లో కొన్నవి, అప్పట్లో దీంట్లో ఆర్‌ఎక్స్ 570 ఉండేది, గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే తర్వాత మార్చా.

సమస్య ఏంటంటే కార్డు మారింది కానీ ఆట మారలేదు. మూలన కనిపించే ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) నంబర్ చూస్తే ఫర్వాలేదే అనిపిస్తుంది, కానీ మౌస్ తిప్పినప్పుడు చేతికి తెలిసిపోతుంది, జనం ఎక్కువున్న వీధిలోకి వెళ్తే చిన్న చిన్న కుదుపులు, కౌంటర్ స్ట్రైక్ 2లో సరిగ్గా స్మోక్ పడి నలుగురు ఒకేచోటికి వచ్చినప్పుడే ఫ్రేములు పడిపోవడం, బాల్డర్స్ గేట్ 3లో మూడో యాక్ట్‌కి వచ్చి లోయర్ సిటీలో అడుగుపెట్టాక అయితే ఇంక ఆడబుద్ధి కాలేదు. ఆ గేమ్ మొదటి రెండు యాక్టుల్లో ఇదే మెషీన్ హాయిగా నడిచింది, అడవి, కొండ, గుహలు, ఎక్కడా తేడా లేదు. సిటీలోకి రాగానే ఒక్కో వీధిలో బోలెడంత మంది మనుషులు, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, వాళ్లందరి లెక్కా చూసుకోవాల్సింది ప్రాసెసరే.

తెలిసినవాళ్లని అడిగితే అందరిదీ ఒకటే మాట, గ్రాఫిక్స్ కార్డ్ మార్చు అని. మా తమ్ముడు కూడా "అన్నా, 8 జీబీ కార్డు ఇప్పుడు చాలదు, 12 జీబీది తీసుకో" అన్నాడు. వాడు చెప్పింది కొన్ని గేములకి నిజమే. కానీ నా మెషీన్‌లో జరుగుతున్నది అదో కాదో తెలియకుండా ముప్పై నలభై వేలు పెట్టడం నాకు ఇష్టం లేదు, అందుకే కొనడం పక్కనపెట్టి ముందు కొలవడం మొదలుపెట్టా.

శనివారం: కొలతలు

ఆఫ్టర్‌బర్నర్, రివా ట్యూనర్ ఆన్ చేసి స్క్రీన్ మీద జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం, ఒక్కో కోర్ వాడకం, ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ పెట్టుకున్నా, రికార్డింగ్‌కి క్యాప్‌ఫ్రేమ్ఎక్స్. ఒకే సేవ్, ఒకే దారి, ఒక నిమిషం నడక, మళ్లీ అదే మళ్లీ అదే. బోరు పనే కానీ ఇలా చేయకపోతే తర్వాత వచ్చే నంబర్లకి విలువ ఉండదు, ఒకసారి సందులో ఒకసారి సెంటర్‌లో కొలిచి పోలిస్తే అది పోలిక కాదు.

లోయర్ సిటీలో యావరేజ్ 44 ఎఫ్‌పీఎస్, వన్ పర్సెంట్ లోస్ (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం, కుదుపులు తెలిసేది దీంట్లోనే) 29. జీపీయూ వాడకం 55 శాతం అటూ ఇటూ. ఇక్కడే విషయం సగం తేలిపోయింది, ఎందుకంటే కార్డు దమ్ము చాలక ఆగుతుంటే అది 97, 98 శాతం చూపించాలి, ఇది సగం ఖాళీగా కూర్చుంది.

అనుమానం పూర్తిగా తీరాలని రిజల్యూషన్ 720పీకి దించి సెట్టింగులన్నీ లో పెట్టేసా. కార్డు మీద బరువు దాదాపు పోయినట్టే కదా, ఫ్రేములు ఎగిరి గంతేయాలి. 44 కాస్తా 45 అయింది, అంతే. బొమ్మ ఎంత చిన్నది చేసినా ఫ్రేములు పెరగట్లేదంటే బొమ్మ గీసేవాడి దగ్గర ఆలస్యం లేదు, ఏం గీయాలో చెప్పేవాడి దగ్గరే ఉంది. ఎవరైనా బాటిల్‌నెక్ (ఒక భాగం మిగతావాటిని వెనక్కి లాగడం) ఉందా లేదా అని అడిగితే నేను చెప్పే మొదటి పరీక్ష ఇదే, దీనికి రూపాయి ఖర్చు లేదు, వెబ్‌సైట్లలో రెండు పేర్లు కొడితే శాతం చెప్పే కాలిక్యులేటర్ల కంటే వందరెట్లు నమ్మొచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ 50, 55 శాతం అని చూపిస్తుంది, దాంతో ప్రాసెసర్ ఇంకా ఖాళీగానే ఉంది కదా అనుకుంటారు. 2600లో 6 కోర్లు 12 థ్రెడ్లు, ఆ శాతం అన్నిటి సగటు. గేమ్‌లో ప్రధానమైన పని ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడుతుంది, అవి నిండిపోతే మిగతా పది థ్రెడ్లు ఖాళీగా ఉన్నా చేసేదేం లేదు. విడివిడిగా చూస్తే ఒక కోర్ 95 దాటి ఉంది, మిగతావి 40, 50.

వేరే కారణాలు ఏవైనా ఉన్నాయేమో అని కూడా చూసా. ప్రాసెసర్ 72 డిగ్రీలు, క్లాక్ 3.7 గిగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉంది, అంటే వేడికి తగ్గట్లేదు. ర్యామ్ డ్యూయల్ చానల్‌లోనే ఉంది, కార్డు x16 లింక్‌లోనే ఉంది, పవర్ ప్లాన్ సరిగానే ఉంది. ఇంకోటి ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే సెక్యూరిటీ భాగం) గోల, రైజెన్ మెషీన్లలో విండోస్‌లో ఎఫ్‌టీపీఎం ఆన్‌లో ఉంటే ఉన్నట్టుండి సౌండ్‌తో సహా అంతా ఒక క్షణం బిగుసుకుపోయే సమస్య ఉందని ఏఎండీయే 2022లో ఒప్పుకుని ఏజీసా 1.2.0.7 అనే బయోస్ అప్‌డేట్‌తో సరిచేసింది. నాది పాత బయోస్ (బోర్డులో ఉండి మెషీన్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) కాబట్టి అది కూడా కొంత ఉండొచ్చు, కానీ అది ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే రకం. నాకున్నది సిటీలో ఉన్నంతసేపూ ఉండే రకం.

ఎందుకు చాలట్లేదు

2600 చెడ్డ చిప్పేం కాదు, 2018 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఆ డబ్బుకి 6 కోర్లు ఇవ్వడం చాలా పెద్ద విషయం, నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టింది. కానీ దాని లోపల కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులుగా ఉంటాయి, మొత్తం 16 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) అని రాసి ఉన్నా ఒక్కో గుంపుకి దక్కేది 8 ఎంబీయే. ఒక గుంపులో ఉన్న కోర్‌కి రెండో గుంపు దగ్గరున్న డేటా కావాలంటే మధ్యలో ఇన్‌ఫినిటీ ఫ్యాబ్రిక్ దాటి తెచ్చుకోవాలి, ఆ దారి నెమ్మది. గేమ్ పని అంటే ఎక్కువగా చిన్న చిన్న డేటా ముక్కలు ఎక్కడెక్కడో ఉన్నవి వెతికి తేవడమే, ఎవరు ఎక్కడున్నారు, ఎటు చూస్తున్నారు, ఏ తలుపు తెరిచుంది, ఇలా.

క్యాష్‌ని నేను ఇంట్లో వాళ్లకి పోపుల డబ్బాతో చెప్పా. పొయ్యి పక్కన డబ్బాలో ఆవాలు జీలకర్ర ఉంటే చెయ్యి చాపితే చాలు, లేదంటే ప్రతి చిటికెడుకీ స్టోర్ రూమ్‌లోకి వెళ్లి రావాలి, నూనె కాగుతూనే ఉంటుంది. ఎల్3 క్యాష్‌లో దొరికితే సుమారు 10 నానోసెకన్లు, ర్యామ్ దాకా వెళ్తే 60, 70 పైనే. 144 హెర్ట్జ్ మానిటర్‌కి ఒక్కో ఫ్రేమ్‌కి ఉన్న టైమ్ 6.9 మిల్లీసెకన్లు, దాంట్లో ఇలాంటి ప్రయాణాలు లక్షల్లో ఉంటే ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు.

2020 చివర్లో వచ్చిన జెన్ 3 తరం ప్రాసెసర్లలో ఏఎండీ ఈ గుంపుల గోడ తీసేసింది, 8 కోర్లకీ కలిపి ఒకే 32 ఎంబీ క్యాష్. ఆ తర్వాత 2022 ఏప్రిల్‌లో 5800ఎక్స్3డీ తెచ్చి దాని నెత్తిన ఇంకో 64 ఎంబీ క్యాష్ ముక్క అతికించింది, మొత్తం 96. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది ఇదే, గిగాహెర్ట్జ్ పెంచడం కాదు, కోర్లు ఆగి ఎదురుచూసే టైమ్ తగ్గించడం.

ఏది తీసుకోవాలి

లిస్టులో నిలిచినవి మూడు. ఒకటి, మొత్తం ఏఎం5కి (ఏఎండీ కొత్త సాకెట్, నాది పాత ఏఎం4) మారడం. కొత్త బోర్డు, డీడీఆర్5 ర్యామ్, కొత్త ప్రాసెసర్, లెక్క వేస్తే నేను అనుకున్న డబ్బుకి రెట్టింపు దాటిపోయింది, పైగా బాగున్న బోర్డు, ర్యామ్ మూలన పడేయాలి. మనసొప్పలేదు.

రెండు, రైజెన్ 5 5600. 6 కోర్లు, 4.4 గిగాహెర్ట్జ్ బూస్ట్, 32 ఎంబీ క్యాష్, 65 వాట్లు, కూలర్ కూడా బాక్స్‌లోనే వస్తుంది. డబ్బు తక్కువ ఉన్నవాళ్లకి కళ్లు మూసుకుని ఇదే చెప్తా, 2600 నుంచి దీనికి మారినా తేడా పెద్దదే.

మూడు, రైజెన్ 7 5700ఎక్స్3డీ. 2024 జనవరిలో 249 డాలర్లకి వచ్చింది. 8 కోర్లు, 96 ఎంబీ ఎల్3, బూస్ట్ మాత్రం 4.1 గిగాహెర్ట్జే. కాగితం మీద 5600 కన్నా నెమ్మది చిప్, కానీ గేముల్లో ఎక్కువ చోట్ల దాన్ని దాటిపోతుంది, కారణం పైన చెప్పిందే. 5800ఎక్స్3డీ ఇంకొంచెం ఫాస్ట్, 4.5 దాకా వెళ్తుంది, కానీ మా దగ్గర కొత్తది దొరకట్లేదు, దొరికిన పాతదానికి చెప్తున్న రేటు వింటే అర్థం లేదనిపించింది.

ఏఎం4 మీద ఇదే నా ఆఖరి ప్రాసెసర్, తర్వాత ఎలాగూ బోర్డు మార్చాల్సిందే, అలాంటప్పుడు మధ్యలో ఆగడం ఎందుకని 5700ఎక్స్3డీకి ఫిక్స్ అయ్యా. కూలర్ విడిగా కొనాలి, దీనికి బాక్స్‌లో రాదు.

సికింద్రాబాద్, సీటీసీ

పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)కి వెళ్లా, ఆన్‌లైన్ రేటు ఫోన్‌లో పెట్టుకుని కింద నుంచి పైదాకా షాపులన్నీ అడిగా. ఒక షాపాయన నా లిస్ట్ చూసి "గీ చిప్ ఎందుకన్నా, 2600 మంచిగనే ఉంది కదా, కార్డ్ మార్చెయ్, ప్రాబ్లమ్ అయిపోతది" అన్నాడు. ఫోన్‌లో జీపీయూ 55 శాతం ఉన్న స్క్రీన్‌షాట్, 720పీలో కూడా అదే ఎఫ్‌పీఎస్ ఉన్న స్క్రీన్‌షాట్ చూపించా, ఆయన కాసేపు చూసి "అయితే కరెక్టే అన్నా, కార్డ్ కూసుందిగా" అని లోపల్నుంచి బాక్స్ తెప్పించాడు. మనిషికి పని తెలుసు, నంబర్ చూపిస్తే వెంటనే పట్టుకున్నాడు, నాకు చాలా నచ్చింది.

బాక్స్ తీసుకునేటప్పుడు చూడాల్సినవి: సీల్ తెగి ఉండకూడదు, పక్కన కిటికీలోంచి చిప్ మీద పేరు చదివి బాక్స్ మీదున్న పేరుతో సరిచూసుకోవాలి. ట్రే ప్రాసెసర్ అని బాక్స్ లేకుండా రెండు మూడు వేలు తక్కువకి ఇస్తారు, దానికి ఏఎండీ మూడేళ్ల వారంటీ వర్తించదు, అమ్మినవాడు ఇచ్చిందే వారంటీ. జీఎస్టీ బిల్లు లేకుండా తీసుకోవద్దు, 18 శాతం మిగులుతుందని ఆశపడితే రేపు సర్వీస్ సెంటర్‌లో చూపించడానికి చేతిలో ఏం ఉండదు.

కూలర్‌కి 120 ఎంఎం ఫ్యాన్, నాలుగు హీట్ పైపులున్న టవర్ ఒకటి తీసుకున్నా, ఎత్తు 155 ఎంఎం, నా క్యాబినెట్ 160 దాకా పడుతుంది. వెళ్లేముందు ఇంట్లో టేపుతో కొలిచి వెళ్లా, టవర్ కూలర్లతో గ్లాస్ మూత పట్టకపోవడం మామూలుగా జరిగేదే. ఒక థర్మల్ పేస్ట్ ట్యూబు, ఒక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా కూడా.

బయోస్

అసలు టెన్షన్ ఉన్న పని ఇదొక్కటే. బోర్డు 2018 మోడల్, ప్రాసెసర్ 2024ది, మధ్యలో బయోస్ అప్‌డేట్ లేకుండా బోర్డు ఆ చిప్‌ని గుర్తుపట్టదు, అందుకే పాత ప్రాసెసర్ ఇంకా సాకెట్‌లో ఉండగానే అప్‌డేట్ చేసేయాలి. ఈ సౌకర్యం కూడా ఊరికే రాలేదు, 2020 మేలో ఏఎండీ మొదట 400 సిరీస్ బోర్డులకి జెన్ 3 సపోర్ట్ ఉండదనే చెప్పింది, బీ450 కొన్నవాళ్లంతా గట్టిగా అడిగేసరికి అదే నెలలో మాట మార్చుకుంది. వాళ్లు అడక్కపోతే ఈ డైరీ ఉండేది కాదు.

చేసింది వరుసగా చెప్తా. బోర్డు కంపెనీ సైట్‌లో నా మోడల్ పేరు, రివిజన్ సరిచూసుకుని సీపీయూ సపోర్ట్ లిస్టులో 5700ఎక్స్3డీ ఉందని చూసా, దాని ఎదురుగా ఏ వెర్షన్ నుంచి అని రాసి ఉంటుంది. కొన్ని బోర్డులకి మధ్యలో ఒక పాత వెర్షన్ వేశాకే కొత్తది వేయాలని నోట్ ఉంటుంది, అది చదవాలి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి ఫైల్ ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా నేరుగా పెట్టా. బయోస్‌లో ఉన్న సెట్టింగులన్నీ పేజీ పేజీ ఫోన్‌తో ఫోటోలు తీసుకున్నా, ఎందుకంటే అప్‌డేట్ అయ్యాక అన్నీ మొదటికొస్తాయి, ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్), ఫ్యాన్ కర్వ్, బూట్ ఆర్డర్, వర్చువలైజేషన్ ఎస్‌వీఎం, మొత్తం.

అంతకంటే ముఖ్యమైనది బిట్‌లాకర్, అంటే డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ రక్షణ. విండోస్ 11లో చాలా మెషీన్లకి డివైస్ ఎన్‌క్రిప్షన్ మనకి తెలియకుండానే ఆన్‌లో ఉంటుంది, దాని తాళంచెవి ఉండేది ప్రాసెసర్‌లోని ఎఫ్‌టీపీఎంలో. ప్రాసెసర్ తీసేస్తే తాళంచెవి దాంతోపాటే పోతుంది, విండోస్ నీలం స్క్రీన్ వేసి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ ఫోన్‌లో సేవ్ చేసుకున్నా, కాగితం మీద కూడా రాసుకున్నా, తర్వాత బిట్‌లాకర్ సస్పెండ్ చేసా. ఈ ఒక్క పేరా ఎవరికైనా ఫోటోలు, ప్రాజెక్టు ఫైళ్లు పోకుండా కాపాడితే చాలు.

కరెంట్ సంగతి. ఎండాకాలం, మా వైపు సాయంత్రం గాలి గట్టిగా వీస్తే చాలు లైన్ పోతుంది. బయోస్ రాసేటప్పుడు కరెంట్ పోతే బోర్డు పోయినట్టే, అందుకే పొద్దున్నే లేచి, ఆకాశం తేటగా ఉండగా, మెషీన్‌ని యూపీఎస్‌కి తగిలించి మొదలుపెట్టా. కొన్ని నిమిషాల్లో అయిపోయింది, రీస్టార్ట్ అయింది, పాత 2600తోనే విండోస్ మామూలుగా వచ్చింది. ఆ రోజంతా అలాగే వదిలేసి ఆడా, కొత్త బయోస్ నిలకడగా ఉందో లేదో వేరుగా తెలియాలి కదా, రెండూ ఒకేసారి మారిస్తే ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎవరిదో చెప్పలేం. లోయర్ సిటీ నంబర్ కూడా మళ్లీ తీసా, 44కి 44, బయోస్‌తో ఏం పెరగలేదు, తగ్గలేదు.

ఆదివారం: పాతది బయటికి

ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331. సాకెట్‌కి ఉన్న చిన్న లివర్ వేసి ఉన్నా కూడా పేస్ట్ ఎండిపోయి అంటుకుని ఉంటే కూలర్ పైకి లాగగానే ప్రాసెసర్ దాంతోపాటే ఊడి వచ్చేస్తుంది, ఆ లాగుడులో పిన్నులు వంగే ప్రమాదం ఉంది. దీనికి మందు తేలికే, విప్పేముందు కాసేపు సినీబెంచ్ (ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే టెస్ట్) నడిపి పేస్ట్ వేడెక్కనిచ్చా, తర్వాత ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, క్యాబినెట్ పక్కకి పడుకోబెట్టి స్క్రూలు కొంచెం కొంచెంగా ఎదురెదురు మూలల్లో వదులు చేసి, కూలర్‌ని లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పా. కిర్రుమని వదిలింది, ప్రాసెసర్ సాకెట్‌లోనే ఉంది.

2600తో వచ్చే స్టెల్త్ కూలర్ నాలుగు స్క్రూలూ నేరుగా బోర్డు వెనకున్న ప్లేట్‌లోకే వెళ్తాయి, అవి పూర్తిగా తీయగానే వెనక ప్లేట్ జారి పడిపోతుంది. తమ్ముడిని వెనక నుంచి చేత్తో పట్టుకోమన్నా. "ఎంతసేపన్నా" అంటూనే పట్టుకున్నాడు పాపం, కొత్త కూలర్ బ్రాకెట్ బిగించేదాకా.

కొత్త చిప్ పెట్టడం అర నిమిషం పని. మూలన బంగారు త్రిభుజం గుర్తు సాకెట్ మీది గుర్తుతో కలపాలి, వదిలితే దాని బరువుకి అదే కూర్చోవాలి, వేలితో నొక్కే అవసరం రాకూడదు, వస్తే ఎక్కడో పిన్ను వంగి ఉన్నట్టు. లివర్ కిందకి. పేస్ట్ మధ్యలో ఒక చుక్క, చుట్టూ నాలుగు చిన్న చుక్కలు, కూలర్ స్క్రూలు మళ్లీ ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చా. ఇన్నేళ్ల దుమ్ము కూడా బ్లోయర్‌తో బాల్కనీలో ఊదేశా, ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకుని.

మొదటి బూట్

పవర్ నొక్కా, ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ నలుపు. ఇది మామూలే, కొత్త ప్రాసెసర్ ర్యామ్‌తో కుదురుకోవడానికి టైమ్ తీసుకుంటుంది, ఒకటి రెండుసార్లు దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది, భయపడి పవర్ తీసేయకూడదు. కానీ నాకు బోర్డు మీద డీర్యామ్ లైట్ (ర్యామ్ దగ్గర సమస్య ఉందని చెప్పేది) వెలిగి అక్కడే ఉండిపోయింది, చాలాసేపు చూసా. ఆపి, రెండు ర్యామ్ స్టిక్కులూ తీసి, స్లాట్లలో గాలి ఊది, ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్‌లో టిక్కుమనేదాకా నొక్కి పెట్టా. ఈసారి స్క్రీన్ మీద కొత్త సీపీయూ పెట్టారు, ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా, వై నొక్కండి లేదా ఎన్ నొక్కండి అని వచ్చింది. రికవరీ కీ చేతిలో ఉంది కాబట్టి ధైర్యంగా వై నొక్కా. విండోస్ వచ్చింది. లాగిన్ పిన్ మాత్రం మళ్లీ పెట్టుకోమంది.

బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేస్తే 3200 దగ్గర ఒక్క ఎర్రర్ లేకుండా నిలబడింది, 2600తో ఎప్పుడూ నిలవని స్పీడ్ అది, అదే ర్యామ్. ఎస్‌వీఎం ఆన్ చేసా, లేకపోతే తమ్ముడి ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ నడవదు.

నంబర్లు

ర్యామ్ స్పీడ్ వల్ల పెరిగిందా ప్రాసెసర్ వల్ల పెరిగిందా అనే అనుమానం ఉండకూడదని ముందు 2933లోనే కొలిచా, తర్వాత 3200లో. రెండిటికీ మధ్య తేడా రెండు మూడు ఫ్రేములకి మించి లేదు, అంత క్యాష్ ఉన్నప్పుడు ర్యామ్ దాకా వెళ్లే అవసరమే తక్కువ కదా. కింద ఇచ్చేవి 3200వి.

బాల్డర్స్ గేట్ 3 లోయర్ సిటీ, అదే సేవ్, అదే నడక: యావరేజ్ 44 నుంచి 82, వన్ పర్సెంట్ లోస్ 29 నుంచి 61. ఇది చూసి నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు, అదే కార్డు, అదే సెట్టింగులు. ఇప్పుడు ఆ వీధిలో కనిష్ఠం అప్పటి యావరేజ్ కన్నా ఎక్కువ. జీపీయూ 90ల్లోకి వచ్చింది.

కౌంటర్ స్ట్రైక్ 2లో యావరేజ్ 165 నుంచి 310, లోస్ 68 నుంచి 142. 310 అనేది నా 144 హెర్ట్జ్ మానిటర్‌కి పెద్దగా పనికొచ్చే నంబర్ కాదు, పనికొచ్చేది 142, అంటే దాదాపు ఎంత గొడవలో అయినా మానిటర్ అడిగినంత ఇస్తోంది. తమ్ముడు ఒక మ్యాచ్ ఆడి "ఇది మన పీసీయేనా" అన్నాడు.

సైబర్‌పంక్ 2077, రే ట్రేసింగ్ లేకుండా, క్రౌడ్ డెన్సిటీ హై: 68 నుంచి 92, లోస్ 44 నుంచి 71. ఇక్కడ కార్డు 98 శాతం, అంటే ఇంక అడ్డం కార్డుదే. రే ట్రేసింగ్, డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతి) క్వాలిటీతో 46 నుంచి 62, లోస్ 31 నుంచి 50. రే ట్రేసింగ్ అంటే గ్రాఫిక్స్ కార్డు పనే అనుకుంటాం కానీ దానికి కావాల్సిన సీన్ లెక్కలు సిద్ధం చేయడంలో ప్రాసెసర్ మీద కూడా బరువు పెరుగుతుంది, ఈ నంబర్లలో అది కనిపిస్తోంది.

తేడా రాని చోట్లు కూడా చెప్పాలి. అన్నీ అల్ట్రాలో పెట్టి నా కార్డుని ముందే ఊపిరాడకుండా చేసే పాత సింగిల్ ప్లేయర్ గేములు కొన్ని చూసా, యావరేజ్ ఒకటి రెండు ఫ్రేములు పెరిగింది, అంతే. 4కే మానిటర్ ఉండి ఇదే 3060 టీఐ ఉన్నవాళ్లు ఈ పని చేస్తే డబ్బుకి తగ్గ ఫలితం రాదు, వాళ్ల డబ్బు కార్డు మీద పెట్టడమే సరి. అందుకే 720పీ టెస్ట్ ముందు చేయమని అంత గట్టిగా చెప్తున్నా.

వేడి

ఈ తరంలో అదనపు క్యాష్ ముక్క కోర్లున్న చిప్‌కి పైన కూర్చుంటుంది, కింద నుంచి వేడి పైకి రావడం కొంచెం కష్టం, అందుకే వోల్టేజ్, క్లాక్ తగ్గించి పెట్టారు, పరిమితి 90 డిగ్రీలు. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డీలో క్యాష్‌ని కిందకి, కోర్లని పైకి మార్చారు, కారణం ఇదే.

మధ్యాహ్నం ఏసీ లేకుండా గది 34 డిగ్రీలున్నప్పుడు సినీబెంచ్‌లో 82 దాకా వెళ్లింది, గేముల్లో 66 నుంచి 72. ఇది మామూలే, ఆందోళన పడాల్సింది లేదు, కానీ ఇంకా మే నెల ముందుంది. కర్వ్ ఆప్టిమైజర్ అని ఒకటుంది, వోల్టేజ్ కొంచెం కొంచెం తగ్గించే పద్ధతి, ఈ చిప్‌కి మా బోర్డు బయోస్‌లో ఆ ఆప్షన్ లేదు, విండోస్‌లో పీబీఓ2 ట్యూనర్‌తో అన్ని కోర్లకీ మైనస్ 20 పెట్టా. సినీబెంచ్ 74కి దిగింది, స్కోర్ తగ్గలేదు సరికదా కాస్త పెరిగింది. పాత 2600 స్కోర్‌కి రెట్టింపుకి దగ్గరగా ఉంది, అంటే వీడియో ఎక్స్‌పోర్ట్ పనులకి కూడా లాభమే.

మైనస్ 30 అందరూ పెట్టుకోవచ్చని చెప్పేవాళ్లున్నారు, నేను ఆగా. వోల్టేజ్ మరీ తగ్గితే గేమ్ మధ్యలో కాకుండా మెషీన్ ఊరికే ఉన్నప్పుడు, బ్రౌజర్ తెరిచినప్పుడు రీస్టార్ట్ అయ్యే రకం సమస్యలు వస్తాయి, అవి పట్టుకోవడం కష్టం. కోర్‌సైక్లర్ (ఒక్కో కోర్‌ని విడిగా పరీక్షించే టూల్) రాత్రంతా నడిపి, పొద్దున ఈవెంట్ వ్యూయర్‌లో వీయా (హార్డ్‌వేర్) ఎర్రర్లు లేవని చూసుకున్నాకే మైనస్ 20 ఉంచేసా.

ఇంకో మార్పు నేను ముందే అనుకున్నదే, గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు పూర్తిగా పనిచేస్తోంది కాబట్టి దాని వేడి, ఫ్యాన్ చప్పుడు, కరెంట్ వాడకం అన్నీ పెరిగాయి. 200 వాట్ల కార్డు సగం పనిచేయడం వేరు, నిండుగా పనిచేయడం వేరు. 141 దగ్గర ఫ్రేమ్ క్యాప్ పెట్టా, ఫ్రీసింక్ (మానిటర్ వేగాన్ని ఫ్రేములతో కలిపే పద్ధతి) పరిధిలోనే ఉంటుంది, కార్డు కూడా అనవసరంగా పరిగెత్తదు. పవర్ సప్లై 550 సరిపోతోంది, ఈ ప్రాసెసర్ మీద 105 వాట్లని రాసి ఉన్నా గేముల్లో 50, 60 వాట్లకి మించి తాగట్లేదు.

ఇంకా మిగిలిన పనులు

ముందు ఒక 120 ఎంఎం ఇన్‌టేక్ ఫ్యాన్ పెట్టాలి, క్యాబినెట్‌కి ముందు ఒకటే ఉంది. ర్యామ్ 32 జీబీకి పెంచడం గురించి ఆలోచిస్తున్నా, కొత్త గేములు వెనకాల బ్రౌజర్ ఉంటే 16ని నింపేస్తున్నాయి, కానీ ఇప్పుడున్న కుదుపులన్నీ పోయాయి కాబట్టి తొందరేం లేదు.

పాత 2600ని పిన్నులు నలగకుండా కొత్త ప్రాసెసర్ వచ్చిన ప్లాస్టిక్ పెట్టెలోనే పెట్టా, అది పిన్ని వాళ్ల అబ్బాయికి ఇస్తున్నా, పదో తరగతి అయిపోయింది, వాడికి మొదటి కంప్యూటర్. దాంట్లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి నా దగ్గరున్న ఆర్‌ఎక్స్ 570 కూడా దాంతోనే వెళ్తుంది. బోర్డే ఇంకా దొరకలేదు. షాపుల్లో అందరూ బీ550, ఏ520 చూపిస్తున్నారు, వాటిల్లో 2000 సిరీస్ ప్రాసెసర్లకి అధికారికంగా సపోర్ట్ లేదు, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో మంచి బీ450 కోసం వచ్చే శనివారం మళ్లీ సీటీసీకి, ఈసారి వాడిని కూడా తీసుకెళ్తున్నా.